ఆరో బొమ్మ

మ్యూజియం వాళ్ళ కవరు సోమవారం వచ్చింది. హెడ్మిస్ట్రెస్ దాన్ని చింపి, పైపైన చూసి, డ్రాయింగు మాస్టారి ముందుకు తోసింది. వచ్చే బుధవారం ఎనిమిదో తరగతి పిల్లల్ని బొమ్మల మ్యూజియానికి తీసుకెళ్ళాలి, ఈలోగా వాళ్ళని మనుషుల్లా తయారుచెయ్యాలి, ఆ పని మీది అని చెప్పింది. పోయినేడు వేరే బడి పిల్లలు అక్కడ రాతి విగ్రహం ముక్కులో సుద్దముక్కలు దూర్చి వచ్చారట. అలాంటి పేరు మనకొద్దు అంది.

మాస్టారు కవరు పుచ్చుకుని బయటికొచ్చాడు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన పిల్లల్ని ఏటేటా ఆ మ్యూజియానికి తీసుకెళ్ళినవాడే. ఈ ఆరేళ్ళలోనే ఒక్కసారీ గడప తొక్కలేదు. పాత హెడ్మాస్టరు ఎందుకని అడిగేవాడు కాదు. ఈవిడ కొత్తగా వచ్చింది. పాత సంగతులు ఈవిడకి తెలియవు, తెలుసుకునే తీరికా లేదు.

స్టాఫ్ రూములో కిటికీ పక్కన కూర్చుని కవరులోవి బల్ల మీద పరిచాడు. ఒక ఉత్తరం. చెయ్యకూడని పనుల జాబితా. మూడోది, పిల్లలు చూడబోయే ఆరు బొమ్మల నమూనాలు అచ్చేసిన కాగితం. ఒక్కొక్కటీ అగ్గిపెట్టెంత ఉంది, అచ్చు మసి పూసినట్టుంది. ఓడరేవు, పళ్ళగిన్నె, యుద్ధం, ముసలి జడ్జి, వానలో వీధి. ఆరోది కుర్చీలో కూర్చున్న స్త్రీ.

ఆ కూర్చున్న స్త్రీ ఆయన భార్య.

బొమ్మ వేసినవాడు ఆయనతోపాటు ఒకే బెంచీ మీద డ్రాయింగు ట్రైనింగు అయినవాడు. మాస్టారు వాణ్ణి పొడుగోడు అనేవాడు. వాడికి ఉద్యోగం దొరకలేదు, వాడు వెతుక్కోనూ లేదు. రంగుల దుకాణం పైన ఒక గదిలో ఉండేవాడు. ఆరేళ్ళ కిందట ఒకరోజు ఇంటికొచ్చి, మీ ఇంటావిడని పన్నెండు మధ్యాహ్నాలు కూర్చోబెట్టుకుంటాను, బొమ్మ వేసుకుంటాను అని అడిగాడు. మాస్టారు మహారాజులా సరే అన్నాడు. వాడి వల్ల ఏమీ కాదని ఆయన నమ్మకం. తోడుగా మరదలిని పంపాడు. పన్నెండు మధ్యాహ్నాలూ అయిపోయాయి. ఆ సంగతి ఆయన మరిచిపోయాడు కూడా.

తర్వాత ఆ బొమ్మని మ్యూజియం కొన్నది. అదే నెలలో మాస్టారు కూడా అక్కడికి పంపిన బొమ్మ తిరిగొచ్చింది. అట్ట మీద కట్టిన తాడు కట్టినట్టే ఉంది. ముడి ఆయన వేసిన ముడే. విప్పి కూడా చూడలేదు.

కొత్త బొమ్మల గది తెరిచేనాడు రమ్మని ఇద్దరికీ కార్డు వచ్చింది. భార్య దాన్ని రెండువైపులా తిప్పి చూసి, ఒక్కసారి చూసొద్దాం అంది. ఆయన అప్పుడు గడ్డం గీసుకుంటున్నాడు.

"మొహం చూసుకోవాలంటే ఇంట్లో అద్దముంది" అన్నాడు.

ఆమె నవ్వేసింది. బట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. ఏడాదీ రెండు నెలలకి పోయింది. కడుపులో గడ్డ. తెలిసేసరికే చెయ్యి దాటిపోయిందని డాక్టరు చెప్పాడు.

ఆమె అడిగితే కదలనివాడు, ఆమె పోయాక ఏ మొహం పెట్టుకుని ఆమె ముందుకెళ్ళి నిలబడతాడు? అందుకే వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్ళాలి. ఊరికే వెళ్ళడం కాదు, ముప్ఫై నలుగురు పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి, ఇదిగో చూడండి అని చూపించాలి.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

పిల్లల్ని తయారుచెయ్యడంలో ఆయనది పాత పద్ధతి. వరండా గోడకి పాత పేపర్లు అతికిస్తాడు. ప్రతి బొమ్మకీ మ్యూజియం వాళ్ళు రాసిన కొలతల ప్రకారం, అసలు బొమ్మ ఎంత ఉంటుందో అంత. వాటి మీద గీత కూడా ఉండదు, ఉత్త ఖాళీ. పిల్లలు ముందు ఖాళీ ముందు నిలబడటం నేర్చుకోవాలి. గోడకి బారెడు దూరంలో నేల మీద సుద్దగీత గీస్తాడు. దాని వెనకే నిలబడాలి. చేతులు వెనక కట్టుకోవాలి. ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూడకూడదు. పొట్టివాళ్ళు ముందు.

మాస్టారు పిల్లల్ని పేర్లతో పిలవడు. మొదటి వారంలోనే ఒక్కొక్కరికీ ఒకటి తగిలిస్తాడు, అది బడి వదిలేదాకా ఊడదు. గొంతు తగ్గించడం రాని పిల్లవాడు గంట. అన్నిటికీ అడ్డుపడే పిల్ల లాయరు. మూల కూర్చుని సన్నటి గీతలు గీసుకుంటూ పోయే పిల్ల సాలీడు. క్లాసులో చెయ్యి తిరిగినది ఆ ఒక్కత్తే.

గంట చేతులు వెనక కట్టుకుని, ముక్కు దురద పెడితే ఏం చెయ్యాలి సార్ అని అడిగాడు.

"బస్సెక్కేదాకా దాచుకో" అన్నాడు మాస్టారు.

నవ్వులు అణిగాక అసలు పాఠం మొదలుపెట్టాడు. పిల్లలు బొమ్మలో మనిషి కనబడితే ముఖం ఒక్కటే చూస్తారు. నవ్వుతోంది అంటారు, ఏడుస్తోంది అంటారు, పని అయిపోయిందనుకుని పక్కబొమ్మకి పోతారు. అందుకని ముఖం మూసి చూడాలి. ఒక కన్ను మూసుకుని, అరచెయ్యి చాచి, బొమ్మలో ముఖం మీదికి వచ్చేలా అడ్డం పెట్టుకోవాలి. అప్పుడు మిగతా మనిషి కనబడుతుంది. ముందు చేతులు చూడాలి, తర్వాత భుజాలు, తర్వాత పాదాలు. అన్నీ చూశాకే అరచెయ్యి తియ్యాలి.

"ముఖానికి దాచుకోవడం తెలుసు. చేతులకి అంత తెలివి లేదు" అని చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా ప్రతి బ్యాచికీ చెబుతున్న మాటే.

మొదటిరోజు పిల్లలు ఒకరి ముఖాలొకరు మూసుకుని చూసుకున్నారు. లాయరు గంటని చూసి, వీడు గోళ్ళు కొరుక్కుంటాడు, ఇంట్లో ఎవరో బాగా తిడతారు అని తేల్చింది. గంట రెండుచేతులూ జేబుల్లో దోపుకున్నాడు. ఆ పూట వాడి గొంతు వినబడలేదు.

నాలుగురోజుల్లో ఐదు బొమ్మలు అయిపోయాయి. ఓడరేవు ఎంత వెడల్పో, జడ్జి ఎంత ఎత్తో పిల్లలకి కంఠతా వచ్చేసింది. శుక్రవారం మాస్టారు సుద్దముక్క డబ్బాలో వేసి, ఇక చాలు అన్నాడు.

మీరు కొలతలు చూసే కాగితంలో ఆరు ఉన్నాయి సార్ అంది లాయరు.

ఐదు చాలన్నాను అన్నాడు.

ఆ అమ్మాయి అక్కడితో ఊరుకునే రకం కాదు. నేరుగా హెడ్మిస్ట్రెస్ గదికి పోయింది. పావుగంటలో మాస్టారికి పిలుపు వచ్చింది. హెడ్మిస్ట్రెస్ ఈసారి ఉత్తరం పూర్తిగా చదివినట్టుంది. పిల్లలు కూర్చుని పెన్సిలుతో బొమ్మ వెయ్యాల్సింది ఆరో బొమ్మ ముందే అట, బాగా వేసినవాటిని మ్యూజియం పిల్లల గదిలో పెడతారట. అసలుదాన్ని వదిలేసి మిగతావి నేర్పితే ఎట్లా మాస్టారూ అని అడిగింది.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక వరండాలో ఆరో పేపరు కత్తిరించాడు. కొలతలు చూసుకుని, నాలుగు పేపర్లు జిగురుతో కలిపి, గోడకి అతికించాడు. అతికించాక వెనక్కి జరిగి చూశాడు. ఎత్తు చూస్తే లెక్క తెలిసిపోయింది. పొడుగోడు ఆమెని ఉన్నంతా వేశాడు. కుర్చీలో కూర్చుంటే ఆమె తల ఎక్కడికి వస్తుందో అక్కడికి ఆ కాగితం వస్తుంది. ఖాళీ కాగితమే. ఆయన చేతులు వెనక కట్టుకోవడం మరిచిపోయి చాలాసేపు నిలబడ్డాడు.

"అదెవరో పిల్లలకి చెప్పావా?"

వెనక మరదలు. బడి ఆఫీసులో గుమాస్తా. ఆడపిల్లలకి తోడుగా ఆమె కూడా బస్సులో రావాలి. పిల్లల ఇళ్ళ నుంచి వచ్చిన సంతకాల కాగితాలు చేతిలో ఉన్నాయి. అక్క పోయాక ఆయనతో మాట్లాడే చుట్టం ఆమె ఒక్కతే. మాట్లాడటమంటే సూదితో గుచ్చడమే, అయినా మాట్లాడేది. ఆయనకి జ్వరమొస్తే తాళం బద్దలుకొట్టిస్తానని బెదిరించి తలుపు తీయించే మనిషి.

ఎవరికీ చెప్పక్కర్లేదన్నాడు ఆయన.

"నిజమేలే. అడిగినదాన్నే తీసుకెళ్ళలేదు, వీళ్ళకేం చెబుతావు." ఆమె గోడ మీది పేపరు చివర ఊడి ఉంటే వేలితో అదిమింది. "ఒకటి నీకు తెలీదు బావా. నేను తీసుకెళ్తా రావే అని అక్కని మూడుసార్లు అడిగా. రాలేదు. మీ బావతోనే వస్తానంది. ఆయనకి కోపం తగ్గేదాకా ఆగుతానంది."

ఆయన జిగురు డబ్బా మూత బిగించాడు.

"ఆగింది కూడా" అని మరదలు వెళ్ళిపోయింది.

*

బుధవారం పొద్దున తొమ్మిదింటికి బస్సు కదిలింది. పదింటికల్లా మ్యూజియం మెట్ల దగ్గర పిల్లలు రెండు వరసల్లో నిలబడ్డారు. సంచులన్నీ కింద గదిలో పెట్టించుకున్నారు. పెన్నులు తీసేసుకుని పెన్సిళ్ళు ఉంచారు. లోపల చల్లగా ఉంది. నేల ఎంత నున్నగా ఉందంటే గంట రెండడుగులు జారి చూసుకుని, మాస్టారి కన్ను పడగానే సర్దుకున్నాడు.

పిల్లలు ఆయన పరువు తీయలేదు. గీత లేకపోయినా బారెడు దూరం వాళ్ళ కాళ్ళకి తెలుసు. ఓడరేవు ముందు నిలబడి, ఇన్ని పడవలున్నాయి, మనుషులొక్కరూ లేరేం అని అడిగారు. యుద్ధం బొమ్మలో గుర్రాల కాళ్ళు లెక్కపెట్టి ఒకటి తక్కువొచ్చిందని గంట పంతం పట్టాడు. ముసలి జడ్జి ముందు ముప్ఫై నాలుగు అరచేతులు ఒక్కసారి లేచాయి. ఆయన కుడిచెయ్యి గౌను మడతలోకి దూరి ఉంది. తీర్పు రాసొచ్చిన చెయ్యి, అందుకే దాచుకున్నాడు అంది లాయరు. అటుగా పోతున్న మ్యూజియం ఉద్యోగి ఒకాయన ఆగి విని, ఈ పిల్లలు ఏ బడి అని అడిగి మరీ వెళ్ళాడు. మరో రోజైతే మాస్టారు ఆ మాటని నెలరోజులు దాచుకునేవాడు. ఆవేళ ఆయన కన్ను తర్వాతి గది తలుపు మీదే ఉంది.

ఆ తలుపు దాటి లోపలికి పిల్లల్నే ముందు పంపాడు. తను వెనక నిలబడ్డాడు. చట్రం చూశాడు, చట్రం కింద గోడ చూశాడు, కిటికీ చూశాడు. గదికి కాపలా ఉండే ఆవిడ కుర్చీలోంచి లేచి, ఈ బొమ్మ ముందు జనం ఎక్కువసేపు ఆగరండీ అంది. మరదలిని గడ్డంతో చూపించి, ఈవిడ మాత్రం అప్పుడప్పుడూ వస్తారు అంది.

పిల్లలు మాస్టారు చెప్పేదాకా ఆగలేదు. ఒక కన్ను మూసి, అరచేతులు చాచారు. ఆ చేతుల మీంచి, ఆయన చూశాడు. ముఖం చూడటానికి ధైర్యం చాల్లేదు. తనూ అరచెయ్యి ఎత్తాడు.

"ఎడమచెయ్యి కుర్చీ పట్టుకుంది సార్" అంది ఒక పిల్ల.

"ఊరికే పట్టుకోలేదు, బిగించింది. వేళ్ళ కణుపులు తెల్లగా ఉన్నాయి."

"కుడిచెయ్యి ఇక్కడ" అన్నాడు గంట. పక్కటెముకల కింద తన చెయ్యి పెట్టుకుని చూపించాడు. "నొక్కుకుంటోంది."

"పెట్టుకుందంతే, నొక్కుకోవడమేంటి" అంది ఇంకో పిల్ల.

"నొక్కుకుంటోంది. చూడు, అక్కడ బట్ట లోపలికి పోయింది. మా అమ్మమ్మ కూడా ఇట్లాగే నొక్కుకునేది."

"భుజం ఒకటి కిందికుంది. ఆ పక్కనే నొప్పి."

చెప్పుకుంటూ పోయారు. ఆయన నేర్పిన వరసలోనే. చేతులు, భుజాలు, పాదాలు. ఒక పాదం రెండోదాని మీద ఎక్కి ఉందని, బొటనవేలు ముడుచుకుని ఉందని సాలీడు మెల్లగా చెప్పింది. అంతా అయ్యాక లాయరు అందరికీ పెద్దలా, ఇక చేతులు తియ్యండి అంది. ముప్ఫై నాలుగు చేతులూ దిగాయి.

"నవ్వుతోంది" అన్నాడు గంట. మొదటిసారి వాడి గొంతు తగ్గింది. "నొప్పుంటే ఎందుకు నవ్వుతోంది సార్?"

మాస్టారి చెయ్యి ఇంకా ఆమె ముఖానికి అడ్డంగానే ఉంది.

లాయరు గోడమీది చీటీ దగ్గరికి వెళ్ళి చదివి వచ్చింది. వేసినాయన పేరుంది గానీ ఈవిడ పేరు లేదు, మీకు తెలుసా సార్ అని అడిగింది. మరదలు కిటికీ దగ్గర నిలబడి ఇటే చూస్తోంది. ఆయన ఏమంటాడో వినడానికే అన్నట్టు చూస్తోంది.

"మా ఇంటావిడ" అన్నాడు మాస్టారు. చెయ్యి దించాడు.

పిల్లల్లో కొందరు ఆయన్ని చూశారు. కొందరు, మర్యాద తెలిసినవాళ్ళు, మళ్ళీ బొమ్మ వైపు తిరిగారు. ఆయన ఆమె ముఖం చూశాడు. అచ్చం ఆమే. గడ్డం గీసుకుంటున్న మనిషి మాటకి నవ్వేసిన నవ్వు.

కూర్చుని వెయ్యండి, నలభై నిమిషాలు అని చెప్పాడు. పిల్లలు నేల మీద చతికిలబడ్డారు. పెన్సిళ్ళ చప్పుడు మొదలైంది.

ఆ చప్పుడు ఆయనకి తెలిసినదే. ఆ ఏడు వానాకాలంలో, ఆమె పొడుగోడి గదికి వెళ్ళొస్తున్న రోజుల్లోనే, ఆయన కూడా ఇంట్లో ఆమె బొమ్మ వేసేవాడు. ఆదివారాలు, వంటింటి కిటికీ పక్కన, చెక్క కుర్చీలో కూర్చోబెట్టి. పొడుగోడికంటే ముందు తను పూర్తిచెయ్యాలని ఒక పట్టుదల. కూర్చున్న కాసేపటికి ఆమె కుడిచెయ్యి పక్కకి పోయేది. పక్కటెముకల కిందికి. ఆయనకి చిరాకొచ్చేది. కూర్చున్న మనిషి చేతులు ఒళ్ళో కలిస్తేనే బొమ్మ నిలుస్తుంది, చెయ్యి పక్కకి పోతే బొమ్మ ఒరుగుతుంది. ట్రైనింగులో నేర్పిన మొదటి సూత్రం. చెయ్యి ఒళ్ళో పెట్టు అనేవాడు. ఆమె పెట్టేది. ఐదు నిమిషాలకి మళ్ళీ పోయేది. మళ్ళీ చెప్పేవాడు. కొన్నిసార్లు ఆయన పెన్సిలు ఆ చేతిని ఉన్నచోటే గీసేసేది. చూసుకుని చెరిపేసి, ఒళ్ళోకి దించేవాడు.

అవి ఎనిమిది బొమ్మలు. ఇంట్లో అట్టల మధ్య పెట్టి ఉన్నాయి. అన్నిట్లోనూ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, ఒకదానిమీద ఒకటి, వేలు వేలూ లెక్కగా. చేతులు వెయ్యడంలో తనకి సాటి లేదని ఆయనకి గర్వం. పోయాక ఎన్నోసార్లు తీసి చూసుకున్నాడు. ఆ చేతులు ఆమెవే అనుకున్నాడు.

డాక్టరు ఎన్నాళ్ళ నుంచి ఉంది నొప్పి అని అడిగినప్పుడు ఆమె ఈమధ్యే అంది. డాక్టరు ఆయన వైపు తిరిగాడు. ఆయన కూడా ఈమధ్యే అన్నాడు.

పొడుగోడికి ఆమె ఏమవుతుంది? ఏమీ కాదు. వాడు ఉన్నదాన్ని ఉన్నట్టు వేశాడు, అంతే. వాడిమీద ఆయనకి కోపం తగ్గలేదు. పెరిగింది. చూసినవాడు నోరు తెరిచి ఒక మాట చెప్పి ఉండొచ్చు. అలా అనుకున్నాక, తనూ చూసినవాడేనని గుర్తొచ్చింది.

పిల్లల మధ్య తిరగడం మొదలుపెట్టాడు. గంట వేసిన కుర్చీకి మూడు కాళ్ళే ఉన్నాయి. లాయరు బొమ్మ కంటే చుట్టూ రాసిన మాటలే ఎక్కువున్నాయి. అందరి కాగితాల మీదా కుడిచెయ్యి పక్కటెముకల కిందే ఉంది. వంకరగానో, పురుగులానో, అక్కడే ఉంది.

సాలీడు దగ్గర ఆగాడు. ఆ పిల్ల బొమ్మ అందరికంటే బాగుంది. ముఖం వచ్చింది, ఒరిగిన భుజం వచ్చింది. చేతులు మాత్రం ఒళ్ళో ఉన్నాయి. రెండూ. ఒకదానిమీద ఒకటి, అందంగా.

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇట్లా ఎందుకు వేశావు?"

"మీరే కదా సార్ చెప్పింది. ఒళ్ళో ఉంటేనే బొమ్మ నిలుస్తుందని."

"చెరుపు."

పిల్ల భయపడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అక్కడ పెడితే బాగోదు సార్. ఒరిగినట్టుంటుంది."

"ఒరగనీ. ఆమె ఎక్కడ పెట్టుకుందో అక్కడ పెట్టు."

రబ్బరు తీసుకుని పిల్ల చెరిపింది. సన్నటి గీతలు గనక తొందరగానే పోయాయి. తలెత్తి చూసి, దించి, మళ్ళీ తలెత్తి చూసి, చెయ్యి గీసింది. మాస్టారు కదలకుండా చూశాడు. మణికట్టు, బొటనవేలు, నొక్కుకున్న నాలుగు వేళ్ళు. బొమ్మ ఒరిగింది. ఆయన గోడ పట్టుకుని లేచాడు.

*

తిరుగు బస్సులో పిల్లలు పాటలకి దిగారు. మాస్టారు వెనకసీట్లో కూర్చున్నాడు. మరదలు తలలు లెక్కపెట్టి వచ్చి ఆయన పక్కన కూలబడింది. కాస్త దూరం పోయాక, చూశావా బావా అంది.

"చూశాను."

"ఎట్లా ఉంది?"

"నొప్పిగా ఉంది దానికి" అన్నాడు.

ఆమె కిటికీ వైపు తిరిగింది. మాట్లాడినప్పుడు గొంతులో ఎప్పటి సూది లేదు.

"ఆ పొడుగాయన గదిలో నేను పక్కనే కూర్చునేదాన్నిగా. రోజూ చూసేదాన్ని. డాక్టరు దగ్గరికి పోదామే అంటే, మీ బావకి చెప్పాను, తీసుకెళ్తానన్నారు అనేది. నేను ఊరుకున్నా. తర్వాత అంతా అయిపోయాక నాకు అర్థమైంది బావా. నా నోరు మూయించడానికి అబద్ధం చెప్పింది. నీకు అసలు చెప్పనే లేదు." కొంగలా మెడ సాచి ముందుసీటు పిల్లలు వినడం లేదని చూసుకుంది. "నీమీద నాకున్న కోపం సినిమాకి తీసుకెళ్ళని మొగుడి మీద ఉండే కోపమంత. అసలు కోపం దానిమీద. ఇన్నాళ్ళూ దాన్నే తిట్టుకుంటున్నా. నోరు తెరిచి ఒక్కమాట చెబితే బతికేది కదా, ఏం రోగం దీనికి అని. పోయినదాన్ని అట్లా తిట్టకూడదని తెలుసు. తిడుతూనే ఉన్నా."

బస్సు ఒక మలుపు తిరిగింది. పిల్లలంతా ఒకవైపుకి ఒరిగి గోల చేశారు.

"చెప్పలేదు కదూ నీకు?" అంది.

అవునంటే సరిపోయేది. లేదు, చెప్పలేదు అంటే చాలు. వినేవాళ్ళు ఎవరూ లేరు, కాదనేవాళ్ళూ లేరు. ఆ మరదలు రేపు కూడా బావా అంటూ వచ్చేది, తాళం బద్దలుకొట్టిస్తానని బెదిరించేది.

"చెప్పింది" అన్నాడు.

ఆమె తిరిగి చూసింది.

"పక్కలో పట్టేసినట్టుంటోంది, పోవట్లేదు అంది. బొమ్మ వేస్తున్నా అప్పుడు. కదలకు అన్నాను."

"తర్వాత?"

"తర్వాత కదల్లేదు."

మరదలు లేచింది. పైనున్న కమ్మీ పట్టుకుని, ఊగుతూ, పాడుతున్న పిల్లల మధ్యనుంచి నడిచి, డ్రైవరు వెనకున్న సీట్లో ఆడపిల్లల పక్కన ఇరుక్కుని కూర్చుంది. అక్కడ కూర్చున్నాక ఆమె భుజాలు కదలడం ఆయనకి కనబడింది. బడి వచ్చేదాకా వెనక్కి తిరగలేదు. దిగేటప్పుడు పిల్లల్ని ఆమే లెక్కపెట్టింది, ఆయన్ని లెక్కలో వెయ్యలేదు.

మర్నాడు మ్యూజియం నుంచి ఫోనొచ్చింది. సాలీడు బొమ్మని పిల్లల గదిలో పెడుతున్నారట. ఆ పిల్ల పూర్తి పేరు కావాలట. ఆ సంగతి రాసిన కాగితం పట్టుకుని మరదలు డ్రాయింగు గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. లోపల ఎనిమిదో తరగతి పిల్లలున్నారు.

"మాస్టారూ" అంది. "మీకో కాగితం ఉంది. సంతకం పెట్టి ఆఫీసులో ఇవ్వండి."

ఆయన లేచి వెళ్ళి తీసుకున్నాడు. ఆమె కాగితం చివర పట్టుకుని ఇచ్చింది. ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా, ఇంకో మూడేళ్ళు, అదే పిలుపు.